బొరోబుదూర్‌లో సూర్యోదయం, అదే రోజు ప్రంబనన్: పెద్దవాళ్లతో కుదురుతుందా?

బందరు రోడ్డు అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. ఆగస్టులో అమ్మానాన్నలను తీసుకుని ఇండోనేషియా వెళ్తున్నాం. ముందు బాలి, అక్కడి నుంచి విమానంలో జావా దీవిలోని జోగ్జకర్తా. జోగ్జకర్తాకి రెండు రాత్రులే ఉన్నాయి, అంటే తిరగడానికి చేతిలో ఉండేది ఒక్క పూర్తి రోజు.

నాకు బొరోబుదూర్ బౌద్ధ గుడి మీద నిలబడి సూర్యోదయం చూడాలని ఎప్పటి నుంచో కోరిక. నాన్నకి మాత్రం ప్రంబనన్ హిందూ గుడి ముఖ్యం. ఆయన రిటైరయ్యాక రోజూ సుందరకాండ పారాయణం చేస్తున్నారు, ఆ గుడి చుట్టూ రామాయణం మొత్తం చెక్కారని విన్నప్పటి నుంచి అదే మాట. అమ్మకి మోకాళ్ల నొప్పులు. చదునుగా ఉంటే మెల్లగా ఎంత దూరమైనా నడుస్తుంది, మెట్లంటే మాత్రం కష్టం. అలాగని ఆవిణ్ణి ఒక్కదాన్నే హోటల్లో వదిలి వెళ్లడం నాకు ఇష్టం లేదు.

తెల్లవారుజామున బొరోబుదూర్ పైకి ఎక్కనిస్తున్నారా? పాత పోస్టుల్లో నాలుగున్నరకే లోపలికి పంపుతారని ఉంది, కొత్తవాటిలో అలా లేదు. ఒక ఏజెంట్ 'బొరోబుదూర్ సన్‌రైజ్, ప్రంబనన్' అని ఒకే రోజుకి ప్యాకేజీ పంపాడు. రాత్రి మూడుకి జోగ్జకర్తాలో కారెక్కాలట. తీసుకోవచ్చా? ఇంకో విషయం, అమ్మానాన్న గుడ్డు కూడా తినరు. తిండికి ఇబ్బంది పడతామా?

జావా వదిన:

ఒక్క రోజులో కుదురుతుందండీ. కాకపోతే ఏజెంట్ చెప్పిన వరసలో వద్దు. నేను ఉండేది సెమరాంగ్‌లో, మా ఆయనకి ఇక్కడి బట్టల మిల్లులో ఉద్యోగం. ఊరి నుంచి చుట్టాలు ఎవరొచ్చినా ముందు బొరోబుదూరే అడుగుతారు, అత్తమామలతో కూడా వెళ్లాను కాబట్టి మీ ఇబ్బంది నాకు అర్థమైంది. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు సూర్యోదయం సంగతి. కోవిడ్‌కి ముందు గుడి ఆవరణలో ఉన్న హోటల్లో ప్రత్యేక టికెట్ కొంటే, టార్చిలైటు ఇచ్చి చీకట్లోనే పైకి పంపేవాళ్లు. మీరు చూసిన ఫోటోలు చాలావరకు ఆ రోజులవే. లక్షల మంది బూట్లతో ఎక్కీ దిగీ మెట్ల రాళ్లు అరిగిపోతుండటంతో పద్ధతి మార్చారు. 2023లో పైకి ఎక్కడానికి రోజుకి 1,200 మందే, గంటకి 150 మంది చొప్పున అని పరిమితి పెట్టారు, అదీ గైడ్‌తోనే. ఉపనత్ అని అల్లిక చెప్పులు ఇస్తారు, మన చెప్పులు విప్పి అవే వేసుకోవాలి. మామూలు టికెట్‌తో మొదటి స్లాట్ పొద్దున ఎనిమిదిన్నరకి. కాబట్టి ఎవరైనా 'గుడి మీద సూర్యోదయం' అని అమ్మితే, అధికారిక సైట్‌లో మీ తేదీకి ఆ టికెట్ కనిపిస్తేనే డబ్బులు కట్టండి. సోమవారాలు మెయింటెనెన్స్ కోసం పైకి వెళ్లనివ్వని పద్ధతి ఉంది, ఆ రోజు పెట్టుకోకండి.

నా సలహా ఒక్కటే. సూర్యోదయం కొండ మీద నుంచి చూడండి, గుడిని ఎండ వచ్చాక చూడండి. పైన నిలబడి సూర్యుణ్ణి చూసే తొందరలో బొరోబుదూర్‌ని చూడకుండానే వెనక్కి వెళ్లిపోయేవాళ్లు ఎంతమందో! అక్కడ గోడల మీద 2,672 శిల్ప ఫలకాలు ఉన్నాయి. అవన్నీ వదిలేసి పైన గంటల్లాంటి స్తూపాల పక్కన ఫోటో దిగి వచ్చేస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

కొండ పేరు పుంతుక్ సెతుంబు. గుడికి పడమటి వైపు నాలుగు కిలోమీటర్ల దూరం. కారు ఆగిన చోటి నుంచి పావుగంట, ఇరవై నిమిషాలు మెట్లు, ఎగుడు దారి. ఆగస్టులో ఐదూ నలభైకి అటూ ఇటూగా పొద్దు పొడుస్తుంది కాబట్టి ఐదింటికల్లా పైన ఉండాలి. ఎదురుగా మెరాపి, మెర్బాబు అగ్నిపర్వతాలు, కింద లోయంతా మంచు. ఆ మంచులో చెట్ల మధ్య బొరోబుదూర్ బొటనవేలి గోరంత కనిపిస్తుంది. గుడి పెద్దగా కనిపిస్తుందని ఆశపడి వచ్చినవాళ్లు నిరుత్సాహపడతారు, అందుకే ముందే చెప్తున్నాను. మీరు వచ్చేది ఇక్కడ వానలు లేని కాలం కాబట్టి ఆకాశం తేటగా ఉండే అవకాశం ఎక్కువ. నవంబర్ నుంచి మార్చి దాకా అయితే మబ్బుల వల్ల ఈ కొండ ఎక్కమని ఎవరికీ చెప్పను. చలేస్తుంది, నాన్నగారికి స్వెట్టర్ పెట్టండి.

అమ్మగారి కోసం ఒక మార్పు చేయండి. మొదటి రాత్రి జోగ్జకర్తాలో కాకుండా బొరోబుదూర్ ఊళ్లోనే హోమ్‌స్టేలో దిగండి. గుడికి నడిచి వెళ్లేంత దగ్గర్లో బోలెడన్ని ఉన్నాయి. జోగ్జకర్తా నుంచి అయితే నలభై కిలోమీటర్లు, మూడింటికి లేచి కారెక్కాలి. ఇక్కడ పడుకుంటే మీరూ నాన్నగారూ నాలుగున్నరకి కొండకి వెళ్లి ఏడింటికల్లా తిరిగొచ్చేస్తారు. అమ్మగారు హాయిగా నిద్రపోయి లేచేసరికి మీరు టిఫిన్‌కి ఉంటారు. ఆవిణ్ణి వదిలేశామన్న బెంగ ఉండదు, ఆవిడకి నిద్ర చెడదు.

ఎనిమిదిన్నర స్లాట్ ముందే బుక్ చేసుకోండి. మా చుట్టాలకి చివరిసారి కొన్నప్పుడు విదేశీయులకి పైకి ఎక్కే టికెట్ 4,55,000 రుపియా, అంటే మన డబ్బులో దాదాపు రెండున్నర వేలు. కింద ఆవరణ వరకే టికెట్ అంతకన్నా కొంచెం తక్కువ. అమ్మగారికి ఆవరణ టికెట్ చాలు. మెట్లు ఇరుకు, ఒక్కో మెట్టు ఎత్తు, నిట్టనిలువు. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు ఎక్కగలిగినా దిగేటప్పుడు చాలా అవస్థ.

కింద ఉండిపోయామని ఆవిడ చిన్నబుచ్చుకోనక్కర్లేదు. ఆగ్నేయ మూలకి తీసుకెళ్లండి. గుడి అడుగు భాగంలో 160 ఫలకాలు ఇంకో రాతి వరస వెనక మూసుకుపోయి ఉన్నాయి. వాటి సంగతి 1885లో బయటపడింది. తర్వాత మళ్లీ మూసేసి ఆ ఒక్క మూల మాత్రం తెరిచి ఉంచారు. ఏ పనికి ఏ ఫలం అన్నది బొమ్మల్లో చెక్కారు. కొన్నింటి పైన చెక్కేవాళ్లకి గుర్తుగా రాసిన సంస్కృత మాటలు ఇప్పటికీ కనిపిస్తాయి. నేల మీద నిలబడి కళ్ల ఎత్తులో చూడొచ్చు. పైకి ఎక్కేవాళ్లలో సగం మందికి ఈ మూల ఉందనే తెలియదు.

మీరు ఎక్కేటప్పుడు గైడ్‌కి మొదట్లోనే చెప్పండి, 'మాకు మొదటి అంతస్తు చూపించు, పైన తక్కువ సేపు చాలు' అని. లేకపోతే ఇచ్చిన గంటలో నేరుగా పైకి తీసుకెళ్తారు. తూర్పు మెట్ల నుంచి ఎక్కి ఎడమకి తిరగండి, మన ప్రదక్షిణలాగే. లోపలి గోడ మీద పై వరసలో 120 ఫలకాల్లో బుద్ధుడి కథ ఉంటుంది. తుషిత స్వర్గంలో మొదలై వారణాసిలో మొదటి బోధతో ఆగుతుంది. కొంచెం నడవగానే మాయాదేవి కల వస్తుంది. ఆవిడ మంచం మీద పడుకుని ఉంటుంది, చుట్టూ పరిచారికలు, పై మూలన చిన్న ఏనుగు. పొద్దున పూట ఎండ ఏటవాలుగా పడి ఆ పరిచారికల వేళ్లు కూడా విడివిడిగా కనిపిస్తాయి. మధ్యాహ్నం నెత్తిన ఎండ ఉన్నప్పుడు అదే గోడ చదునుగా అయిపోతుంది. మొదటి స్లాట్ కోసం నేను పట్టుబట్టేది ఇందుకే.

బుద్ధ విగ్రహాల చేతులు కూడా గమనించండి. తూర్పున కూర్చున్నవాళ్లందరిదీ భూమిని తాకే ముద్ర. దక్షిణాన వరదముద్ర, పడమర ధ్యానముద్ర, ఉత్తరాన అభయముద్ర. మలుపు తిరిగిన ప్రతిసారీ చెయ్యి మారుతుంది.

పది, పదిన్నరకి బయటపడతారు. ప్రంబనన్ దారిలోనే మెండుత్ వస్తుంది, తప్పకుండా ఆగండి. చిన్న గుడి, పది పదిహేను మెట్లే. అమ్మగారు మెల్లగా చెయ్యి పట్టుకుని ఎక్కొచ్చు. లోపల మూడు మీటర్ల బుద్ధుడు కాళ్లు కిందకి పెట్టి సింహాసనం మీద కూర్చుని ఉంటాడు, పక్కన ఇద్దరు బోధిసత్త్వులు. బయటి ఎండలోంచి వెళ్తాం కాబట్టి కళ్లు చీకటికి అలవాటు పడేదాకా రెండు నిమిషాలు ఆగాలి. మెట్ల పక్క గోడల మీద చూడటం మర్చిపోవద్దు. రెండు హంసలు కర్ర పట్టుకుని ఎగురుతుంటే మధ్యలో వేలాడే తాబేలు ఉంటుంది. పంచతంత్రంలో మనం చిన్నప్పుడు విన్నదే! మా అత్తగారు బొరోబుదూర్ కన్నా దీన్నే ఎక్కువ చెప్పుకున్నారు. ఆ పక్కనే పెద్ద మర్రిచెట్టు, ఒక బౌద్ధ విహారం ఉన్నాయి. చెట్టు కింద కూర్చుని కొబ్బరినీళ్లు తాగి బయల్దేరండి.

అక్కడి నుంచి ప్రంబనన్ గంటన్నర. దారిలో ముంతిలాన్ ఊళ్లో రోడ్డు పొడవునా నల్లరాతి విగ్రహాలు చెక్కేవాళ్ల కొట్లు వస్తాయి, డ్రైవర్‌ని అడిగితే ఆపుతాడు. భోజనం చేసుకుని రెండింటికల్లా ప్రంబనన్ చేరితే మూడు గంటలు దొరుకుతాయి. డ్రైవర్‌తో సహా కారు రోజంతటికీ దాదాపు 7,00,000 రుపియా అడుగుతారు. ఆ సున్నాలు చూసి టెన్షన్ పడకండి, మన లెక్కలో నాలుగు వేల లోపే.

ప్రంబనన్ ఆవరణ చదును. అమ్మగారికి హాయి. నాన్నగారికి మాత్రం అక్కడ టైమ్ మిగల్చండి.

గుంటూరు బ్యాక్‌ప్యాక్:

వదినగారు చెప్పింది అక్షరాలా నిజం. నేను కిందటేడు ఒక ట్రావెల్ ఏజెంట్ దగ్గర 'సన్‌రైజ్' ప్యాకేజీ తీసుకున్నాను. గుడి పైకి ఎక్కిస్తారనే అనుకున్నాను, అడిగితే అవునన్నట్టే మాట్లాడాడు. తీరా చూస్తే తీసుకెళ్లింది సెతుంబు కొండకి. బొరోబుదూర్‌లో ఇచ్చింది పచ్చికలో తిరిగే ఆవరణ టికెట్. అప్పటికప్పుడు పైకి ఎక్కే టికెట్ కొందామంటే ఆ రోజు స్లాట్లు అయిపోయాయి. ప్యాకేజీ తీసుకుంటే 'పైకి ఎక్కే టికెట్, ఫలానా గంట' అని మెసేజ్‌లో రాయించుకోండి.

ఒక్క విషయంలో నాది వేరే అభిప్రాయం. నాన్నగారికి ప్రంబనన్ అంత ముఖ్యమైతే, సాయంత్రానికి అలిసిపోయి వెళ్లడం నాకు నచ్చలేదు. నాలుగింటికి లేచిన మనిషి మధ్యాహ్నం మూడు ఎండలో శిల్పాలు ఏం చూస్తారు? కొండ మీదకి మీరొక్కరే వెళ్లి ఆయన్ని కూడా పడుకోనివ్వండి. లేదా బాలిలో ఒక రోజు తగ్గించుకుని ప్రంబనన్‌కి విడిగా ఒక ఉదయం పెట్టండి. జోగ్జకర్తా నుంచి సోలో ఊరి వైపు వెళ్లే లోకల్ రైలుకి ఆ గుడి దగ్గర్లో బ్రంబనన్ అనే స్టేషన్ ఉంది, టికెట్ 8,000 రుపియానే. గుడి తూర్పు ముఖం కాబట్టి పొద్దున ఎదురుగా ఎండ పడినప్పుడు మూడు శిఖరాలూ మెరిసిపోతాయి. సాయంత్రం అయితే సూర్యుడు గుడి వెనక్కి వెళ్లిపోతాడు, ముందు నుంచి నల్లటి నీడే.

జకార్తా శాకాహారి:

తిండి గురించి నేను చెప్తాను. గుడ్డు కూడా తినరంటే కొంచెం జాగ్రత్త కావాలి, పస్తులు మాత్రం ఉండరు.

జోగ్జకర్తాలో అందరూ గుడెగ్ తినమంటారు. పచ్చి పనసకాయని కొబ్బరిపాలు, తాటిబెల్లంతో గంటల తరబడి ఉడికించే కూర. పనసకాయ కదా అని ధైర్యంగా అడక్కండి. దాంతో పాటు గుడ్డు, కోడి వస్తాయి. క్రెచెక్ అని ఎర్రటి కూర ఒకటి పక్కన వడ్డిస్తారు, అది పశువు చర్మం. పెద్దవాళ్ల ప్లేటులోకి అది వస్తే ఆ రోజంతా మనసు పాడవుతుంది. ఇంకొకటి, ఇక్కడి కారం పచ్చడి సంబల్‌లో చాలాచోట్ల తెరాసి కలుపుతారు, అంటే ఎండు రొయ్యల ముద్ద. వాసన చూస్తే తెలిసిపోతుంది.

ధైర్యంగా తినదగినవి టెంపే, తహు. టెంపే అంటే సోయా గింజలు పులియబెట్టి అచ్చు వేసింది, తహు అంటే సోయా పన్నీరు. లోతెక్ అని ఉడికించిన ఆకుకూరల మీద వేరుశనగ పచ్చడి వేసి ఇస్తారు, మన ముందే నూరుతారు కాబట్టి తెరాసి వద్దని చెప్పొచ్చు. పైన వేసే అప్పడం రొయ్యలది కావచ్చు, అదీ వద్దనండి. 'తన్‌పా దాగింగ్, తన్‌పా తెలుర్, తన్‌పా తెరాసి' అని ఫోన్‌లో రాసుకుని చూపించండి. మాంసం, గుడ్డు, రొయ్యల ముద్ద వద్దని దానర్థం. హోమ్‌స్టే వాళ్లకి ముందు రోజే చెప్తే పొద్దున అన్నం, వేయించిన టెంపే, పళ్లు పెడతారు. ఈ ప్రాంతం సలాక్ పళ్లకి పేరు, పాము చర్మం లాంటి తొక్క ఉంటుంది, అమ్మగారికి తప్పకుండా తినిపించండి. పచ్చడి, పొడులు ఎలాగూ తెచ్చుకుంటారు కదా.

బందరు రోడ్డు:

ముగ్గురికీ చాలా థ్యాంక్స్. హోమ్‌స్టే ఆలోచన అమ్మకి చెప్పగానే ముఖం వెలిగిపోయింది. బాలిలో ఒక రాత్రి తగ్గించడం కుదరదు, విమానం టికెట్లు అయిపోయాయి. కొండ మీదకి నాన్నని రావొద్దంటే ఒప్పుకోవడం లేదు, 'నేను రోజూ నాలుగింటికే లేస్తాను' అంటున్నారు.

వదినగారూ, ప్రంబనన్‌లో నాన్నకి ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆపాలో కొంచెం వివరంగా చెప్తారా? అక్కడ పూజ చేయించుకోవచ్చా అని అమ్మ అడగమంది.

జావా వదిన:

గుంటూరు గారి మాటలో నిజం ఉంది, ప్రంబనన్‌కి పొద్దుటి వెలుగు అందం. మీకు ఒక్కరోజే కాబట్టి ఏదో ఒకటి వదులుకోవాలి. నేనైతే పొద్దుటి ఎండ బొరోబుదూర్‌కే ఇస్తాను. ప్రంబనన్ రామాయణం ఎలాగూ ఎత్తైన గుడి చుట్టూ ఉన్న వసారాలో ఉంది, సాయంత్రం కూడా చక్కగా చూడొచ్చు. కారులో నాన్నగారిని గంట సేపు నిద్రపోనివ్వండి, సరిపోతుంది.

పూజ సంగతి. రోజూ నైవేద్యం, హారతి జరిగే గుడి కాదండీ. అర్చకులు ఉండరు. న్యెపి అనే కొత్త సంవత్సరం పండగ ముందు ఇక్కడి హిందువులు పెద్ద ఎత్తున క్రతువు చేస్తారు, మామూలు రోజుల్లో దర్శనమే. గర్భగుడిలో దీపం ఉండదని అమ్మగారికి ముందే చెప్పి తీసుకెళ్లండి. మా అత్తగారు మెట్ల కింద నిలబడి లలితా సహస్రనామం మెల్లగా చదువుకున్నారు, ఎవరూ ఏమీ అనలేదు.

నాన్నగారి కోసం. మధ్యలో ఉన్నది శివుడి గుడి, 47 మీటర్లు. రెండు పక్కలా బ్రహ్మ, విష్ణువు. 856 నాటి శాసనంలో ఈ శివాలయం ప్రస్తావన ఉంది. శివుడి గుడి తూర్పు మెట్లు ఎక్కగానే ఎడమకి తిరగమనండి. చాలామంది గుడి గోడ చూసుకుంటూ వెళ్లిపోతారు. రామాయణం ఉన్నది గుడి గోడ మీద కాదు, మనకి ఎడమ పక్కన ఉండే పిట్టగోడ లోపలి వైపు. మొదటి ఫలకంలో శేషుడి మీద విష్ణువు, పక్కన గరుత్మంతుడు, దేవతలు వచ్చి అవతారం ఎత్తమని వేడుకుంటారు. అక్కడి నుంచి ప్రదక్షిణగా నడుస్తూ పోవడమే.

వాల్మీకిని రోజూ చదివే మనిషికి ఇక్కడ ఆగాల్సిన చోట్లు వేరే ఉంటాయి. జటాయువు ముక్కున సీత ఉంగరం పట్టుకుని రాముడికి ఇస్తుంటుంది. ఇది మన కథలో లేదు కదా! సేతువు కట్టే ఫలకంలో వానరులు బండలు మోసుకొచ్చి వేస్తుంటే, నీళ్లలో చేపలు నోళ్లు తెరిచి వాటిని అందుకుంటుంటాయి. ఒక్కో చేప, ఒక్కో పీత విడిగా కనిపిస్తుంది, మా మావయ్యగారు అక్కడి నుంచి కదల్లేదు. వానరసేన లంక చేరడంతో శివుడి గుడి మీద కథ ఆగుతుంది. మిగతాది బ్రహ్మ గుడి మీద ఉంది, అంటే యుద్ధం చూడాలంటే దిగి ఆ పక్క గుడి ఎక్కాలి. ఇది తెలియక సగంలో వెనక్కి వచ్చేస్తారు.

శివుడి గుడిలో నాలుగు గదులు. తూర్పున శివుడు, దక్షిణాన గడ్డంతో అగస్త్యుడు, పడమర వినాయకుడు, ఉత్తరాన ఎనిమిది చేతుల మహిషాసురమర్దిని. ఈ దుర్గనే ఊరివాళ్లు రోరో జొంగ్రాంగ్ అనే రాకుమారి అంటారు. తనని పెళ్లాడతానని వచ్చినవాడికి ఒక్క రాత్రిలో వెయ్యి గుళ్లు కట్టమని పందెం పెట్టి, ఆఖరి గుడి కాకుండానే తెల్లవారిందని నమ్మించిందట, అందుకు అతను ఆమెని శపించి రాయిని చేశాడని కథ. గదుల్లో చీకటి, ఫోన్ లైటు తీసుకెళ్లండి. చుట్టూ కనిపించే రాళ్ల కుప్పలన్నీ ఒకప్పటి 224 చిన్న గుళ్లు. తిరిగి నిలబెట్టినవి కొన్నే. 2006 మే 27 భూకంపంలో పెద్ద గుళ్లు కూడా బాగా దెబ్బతిని మళ్లీ బాగుచేశారు.

మీరూ నాన్నగారూ పైన ఉన్నప్పుడు అమ్మగారు శివుడి ఎదురుగా ఉన్న నంది గుడి నీడలో కూర్చోవచ్చు. తర్వాత ముగ్గురూ బండి మాట్లాడుకుని అదే ఆవరణలో ఉత్తరంగా సేవు గుడికి వెళ్లండి. అది బౌద్ధుల గుడి, ప్రంబనన్ కన్నా పాతది, గుమ్మాల దగ్గర గదలు పట్టుకుని మోకాలి మీద కూర్చున్న పెద్ద ద్వారపాలకులు ఉంటారు. జనం ఉండరు. ఐదింటికి మూసేస్తారు కాబట్టి నాలుగుంబావుకల్లా బండి ఎక్కండి. రాత్రి రామాయణ నృత్యనాటకం ఆగస్టులో ఆరుబయట ఆడతారు, కానీ నాలుగింటికి లేచినవాళ్లతో ఆ రాత్రి వద్దు.

విష్ణువు గుడి పిట్టగోడ మీద కృష్ణుడి కథ ఉంది. బ్రహ్మ గుడి అయ్యాక కాళ్లలో ఓపిక ఉంటే నాన్నగారిని అక్కడికి కూడా తీసుకెళ్లండి.